గుడ్ల హాజరు

"ఒకటి?"

"ప్రెజెంట్ టీచర్!"

"రెండు?"

"ప్రెజెంట్ టీచర్!"

"మూడు? ఒరేయ్, మూడు ఏదిరా?"

"అదిగో, గడ్డి కింద దాక్కుంది," అన్నాడు బుడ్డోడు.

గుడ్ల తరఫున జవాబు చెప్పే పని వాడిది. హాజరు తీసుకునే పని వాళ్ల అక్కది. ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ పెరట్లో రేకుల షెడ్డులో, గంప పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నారు.

గంపలో పొదుగుతున్న ఎర్ర పెట్ట అప్పుడే దిగి బయటికి వెళ్లింది. అది రోజుకి ఒక్కసారే దిగుతుంది. గబగబా నాలుగు గింజలు మింగి, నీళ్లు తాగి, మట్టిలో ఒకసారి పొర్లాడి, మళ్లీ వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. మామూలుగా అయితే పొద్దున్నే దిగేది. ఇవాళ ఆదివారం కదా, అది కూడా బద్ధకించినట్టుంది. దాని తిండి, స్నానం అన్నీ కలిపి పావుగంట. ఆ పావుగంటలోనే హాజరు ముగించాలి.

"ఆరు?"

"ప్రెజెంట్ టీచర్!"

"అది ఆరు కాదురా, తొమ్మిది. అంకె కింద గీత గీశాను, చూడు."

"గుడ్డు తలకిందులుగా పడుకుంటే ఆరే కదా?"

"కాదు!"

"మరి మనం తలకిందులుగా నించుంటే?"

అక్కకి ఒళ్లు మండింది. గుడ్డుని వాడి చేతిలోంచి మెల్లగా తీసుకుని, అంకె పైకి వచ్చేలా దాని చోట్లో పెట్టింది.

ఇంట్లో ఆమెని అందరూ స్కేలు అని పిలుస్తారు. బళ్లో కూడా అదే పేరు. వాళ్ల అమ్మ టైలరు. ఈ పిల్ల నడక రాకముందే అమ్మ చెక్క స్కేలు పట్టుకుని పాకేదట. అప్పటినుంచీ అన్నీ తిన్నగా ఉండాలి. గుమ్మం ముందు చెప్పులు జతలు జతలుగా ఉండాలి. దుప్పటి అంచు మంచం అంచుతో సమానంగా ఉండాలి. ఐదో తరగతికి ఆమే లీడరు. ఆమె నిలబెట్టిన లైనులో ఒక్క మోచెయ్యి కూడా పక్కకి పోదు.

అలాంటి పిల్ల చేతికి గుడ్లు వచ్చాయి. గుడ్లేమో గుండ్రంగా ఉంటాయి.

ఇవి మామూలు గుడ్లు కావు. నానమ్మకి ఒక చుక్కల పెట్ట ఉండేది. మూడేళ్లు పెంచింది దాన్ని. పేరుతో పనిలేకుండా, గిన్నె చప్పుడు వింటే చాలు, నాలుగు మెట్లూ ఎక్కి వంటింటి గడప దాకా వచ్చి నిలబడేది. పోయిన నెలలో దాన్ని వీధి కుక్క ఎత్తుకుపోయింది. ఆ తర్వాత మిగిలినవి దాని గుడ్లు తొమ్మిది. అదృష్టం కొద్దీ అదే వారంలో ఎర్ర పెట్ట పొదుగుకొచ్చింది. నానమ్మ ఆ తొమ్మిదింటినీ దాని కింద పెట్టించింది. ఇవి పిల్లలైతే చుక్కల పెట్ట వంశం నిలుస్తుంది. ఇవి పోతే ఇక అంతే.

నానమ్మకి మోకాళ్ల నొప్పులు. పెరట్లోకి నాలుగు మెట్లు దిగలేదు. అందుకే మనవరాలిని పిలిచి చెప్పింది.

"ఈ గుడ్లు నీకే అప్పగిస్తున్నాను, తల్లీ. పెట్టకి గింజలు, నీళ్లు చూడు. వేరే కోడి వచ్చి ఆ గంపలో గుడ్డు పెడితే మనకి తెలియాలి కదా. పాత గుడ్ల మీద పెన్సిల్‌తో ఒక గీత గీసి పెట్టు. అంతే పని."

అంతే పని అయితే ఆమె స్కేలు ఎందుకవుతుంది? గీతకి బదులు అంకెలు వేసింది. ఒకటి నుంచి తొమ్మిది దాకా. ఒక నోటుపుస్తకం తీసి దాని మీద 'హాజరు' అని రాసింది. రోజూ పెట్ట దిగగానే గుడ్లని మూడేసి చొప్పున మూడు వరసల్లో పేర్చి, అంకెలన్నీ పైకి తిప్పేది.

ఏడో రోజున నానమ్మ చీకటి గదిలో ఒక్కో గుడ్డునీ టార్చి వెలుతురులో చూసింది. ఎనిమిదింట్లో సన్నని ఎర్ర దారాల్లాంటి నరాలు కనిపించాయి. నాలుగో గుడ్డు మాత్రం ఖాళీగా ఉంది.

"దీనికి పిల్ల కట్టలేదు," అని పక్కన పెట్టేసింది నానమ్మ.

స్కేలుకి పెద్ద చిక్కే వచ్చిపడింది. మూడు తర్వాత ఐదు ఎలా వస్తుంది? చివరికి నాలుగో చోటు ఖాళీగా వదిలేసి, పుస్తకంలో 'ఆబ్సెంట్' అని రాసుకుంది.

ఇవాళ పన్నెండో రోజు. పన్నెండు రోజులుగా స్కేలు సర్దుతూనే ఉంది. మర్నాడు వచ్చేసరికి ఎర్ర పెట్ట అన్నీ కలిపేస్తూనే ఉంది. ఒకటి వెళ్లి తొమ్మిది పక్కన, ఐదు వెళ్లి అంచున, మూడు గడ్డి కింద. అంకెలు ఒక్కటీ కనిపించవు.

"దీనికి బొత్తిగా క్రమశిక్షణ లేదు," అంది స్కేలు.

సరిగ్గా అప్పుడే ఆమెకి ఒక ఆలోచన వచ్చింది.

అమ్మ కుట్టు మిషను పక్కన గుడ్ల అట్టలు రెండు ఉంటాయి. గుంటలు గుంటలుగా ఉంటాయి కదా, దారం రీళ్లు పెట్టుకోవడానికి బాగుంటాయని కొట్టు నుంచి తెచ్చుకుంది. ఒక దాన్నిండా రీళ్లున్నాయి. రెండోది ఖాళీ. స్కేలు పిల్లిలా లోపలికి వెళ్లి ఖాళీ అట్ట తీసుకుంది. పక్కనే అమ్మ బట్టల కత్తెర ఉంది. దాంతో కాగితం ముక్క కత్తిరించినా ఆ ఇంట్లో ఊరుకోరు. అయినా స్కేలు దాన్నే తీసుకుని, తొమ్మిది గుంటలు ఉండేలా అట్టని కరకరా కత్తిరించింది.

అట్టని గంపలో పెట్టింది. ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డుని కూర్చోబెట్టింది. అంకెలన్నీ పైకి ఉన్నాయి. నాలుగో గుంట ఖాళీ.

"ఇప్పుడు కదలమను చూద్దాం!"

బుడ్డోడు గంపలోకి తొంగి చూశాడు.

"అక్కా, బస్సులో సీట్లలా ఉన్నాయి," అన్నాడు. "పెట్టకి గుచ్చుకోదా?"

"అలవాటైపోతుందిలే."

ఎర్ర పెట్ట తిరిగొచ్చింది. గంప అంచు మీద నిలబడి మెడ వంచి అట్టని చూసింది. స్కేలుని గుడ్లురిమి చూసింది. తర్వాత ఇటు తిరిగి, అటు తిరిగి, ఎలాగో కూర్చుంది. పొట్ట కిందకి ముక్కు పెట్టి గుడ్డుని లాగబోయింది. గుడ్డు రాలేదు. మళ్లీ లాగింది.

స్కేలు అప్పటికే చేతులు దులుపుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

సాయంత్రం బుడ్డోడి చేత హోంవర్కు చేయించే పని కూడా ఆమెదే. వాడు ఒకటో తరగతి, ఆమెకంటే ముందే బడి వదిలేస్తారు. వాడిది ఎడమచేతి వాటం. పుస్తకాన్ని ఏటవాలుగా తిప్పి పెట్టుకుని, దాని మీదకి పక్కకి ఒరిగి రాస్తాడు.

"పుస్తకం తిన్నగా పెట్టు," అంది స్కేలు.

వాడు పెట్టాడు. రెండు అక్షరాలు రాసేసరికి పుస్తకం మళ్లీ ఏటవాలుగా తిరిగింది. స్కేలు మళ్లీ తిన్నగా పెట్టింది. అది మళ్లీ తిరిగింది. ఆఖరికి పుస్తకం కదలకుండా పైన అమ్మ చెక్క స్కేలు అడ్డంగా పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంది.

బుడ్డోడు పెన్సిల్ కింద పెట్టేశాడు.

"నాకు రాయడం రాదు."

"ఇందాకటిదాకా వచ్చింది కదరా!"

"ఇప్పుడు రాదు," అని మూతి ముడుచుకున్నాడు.

మిషను మీద అమ్మ ఒక గౌను మెడకి పట్టీ కుడుతోంది. తలెత్తకుండానే అంది. "ఈ పట్టీ చూడవే. క్రాస్‌గా కత్తిరించాను కాబట్టి మెడ చుట్టూ తిరిగింది. తిన్నగా కత్తిరించి ఉంటే కర్రలా నిలబడేది."

"అది బట్టమ్మా, ఇది పుస్తకం," అంది స్కేలు విసుగ్గా.

మర్నాడు సోమవారం. పొద్దున స్కేలు గింజలు తీసుకుని వెళ్లేసరికి ఎర్ర పెట్ట దిగనే లేదు. ఈకలన్నీ ఉబ్బించుకుని, పొట్ట కింద ముక్కుతో పొడుస్తూ కూర్చుంది. గడ్డి చాలావరకు గంప బయట పడి ఉంది. బడికి టైమైపోతోందని స్కేలు గింజలు అక్కడే పోసి వెళ్లిపోయింది.

నాలుగింటికి బడి నుంచి వచ్చేసరికి బుడ్డోడు పెరటి మెట్ల మీద గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"అక్కా, పెట్ట అలిగింది."

ఎర్ర పెట్ట పెరట్లో ఉంది. క్లొక్ క్లొక్ మంటూ గోడ పక్కన గుండ్రంగా తిరుగుతోంది. షెడ్డు వైపు పోవడం లేదు.

స్కేలు సంచీ మెట్ల మీద పడేసి షెడ్డులోకి పరుగెత్తింది. అట్ట అంచులు పొడిచి పొడిచి చిరిగి ఉన్నాయి. ఆమె ఐదో నంబరు గుడ్డుని ముట్టుకుంది. పైన కాస్త గోరువెచ్చగా ఉంది. గుంటలోంచి తీసి కింద వైపు ముట్టుకుంది. చల్లగా తగిలింది.

స్కేలు గబగబా అట్ట లాగేసింది. గడ్డి మళ్లీ పరిచింది. ఎనిమిది గుడ్లూ గడ్డిలో పెట్టింది. ఏ అంకె ఎటుందో చూడనే లేదు. బయటికి పరుగెత్తి పెట్టని రెండు చేతులతో పట్టుకోబోయింది. అది మణికట్టు మీద టక్కున పొడిచి, రెక్కలు కొట్టుకుంటూ గోడెక్కింది. గింజలు చూపించి బతిమాలింది. అది గోడ దిగింది కానీ, స్కేలు ఒక అడుగు ముందుకేస్తే రెండడుగులు వెనక్కి పోయింది. స్కేలు షెడ్డు తలుపు పట్టుకుని నిలబడింది. పెట్ట ఆమెని చూసి అక్కడికక్కడే తిరుగుతోంది. లోపల గుడ్లు చల్లబడుతున్నాయి.

అప్పుడే ఇంట్లోంచి అమ్మ గొంతు ఖంగుమని వినిపించింది.

"నా కత్తెరతో అట్ట కత్తిరించింది ఎవరు? బట్ట తెగి చావట్లేదు! ఒరేయ్ బుడ్డోడా, నువ్వేనా?"

"నేను కాదు!" అన్నాడు బుడ్డోడు. అక్క వైపు చూశాడు.

స్కేలు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. ఒక్క క్షణమే. నోరు మూసుకుంటే కత్తెర సంగతి అప్పటికి గడిచిపోవచ్చు. గుడ్ల సంగతి గడవదు. నాలుగు మెట్లూ రెండు అంగల్లో ఎక్కేసింది.

"నేనే! కత్తెర నేనే తీశాను. గుడ్లు కూడా నేనే... నానమ్మా, పెట్ట ఎక్కట్లేదు, గుడ్లు చల్లబడిపోయాయి!"

నానమ్మ ముందు గదిలో చొక్కాకి గుండీలు కుడుతోంది. స్కేలు ఏడుస్తూ అట్ట సంగతంతా చెప్పేసింది. నానమ్మ తిట్టలేదు. సూది గుడ్డకి గుచ్చి, ఒక్కటే అడిగింది.

"పెట్ట దిగి ఎంతసేపయింది?"

స్కేలుకి తెలియదు. అందరూ బుడ్డోడి వైపు చూశారు. వాడికి గడియారం చూడటం రాదు.

"అమ్మ నీలం గౌను మొదలుపెట్టినప్పుడు దిగింది," అన్నాడు వాడు.

"నీలం గౌనా?" అంది అమ్మ. మిషను మీద సగం కుట్టిన గౌను వైపు చూసింది. "ఒక పక్కే అయింది. ఇంకా అరగంట కాలేదు."

నానమ్మ ఊపిరి వదిలింది.

"అరగంటేగా. ఆ మాత్రానికి ఏం కాదు. కానీ అది ఇప్పుడు ఎక్కి తీరాలి."

"నేను వెళ్లి పట్టుకుని కూచోబెడతాను!"

"నువ్వు నాతో వచ్చి వంటింట్లో కూచో."

"మరి నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యకు. గడ్డిలో పెట్టొచ్చావు కదా. మనిషి ఎదురుగా ఉంటే అది ఎక్కదు. గుడ్లు అప్పగించాను కానీ, గుడ్లప్పగించి దాన్నే చూస్తూ నించోమన్నానా?"

ఇంకో రోజైతే ఆ మాటకి స్కేలు పకపకా నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. వంటింట్లో పీట మీద కూర్చుని, చేతులు ఊరుకోవని వాటిని తొడల కింద పెట్టుకుంది. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకి అంతవరకు తెలియదు. ఎదురుగా గోడకి గరిటెలు వంకరగా వేలాడుతున్నాయి. వాటిని కూడా సర్దలేదు. అమ్మ మిషను ఆపేసింది.

బుడ్డోడు మాత్రం వంటింటి కిటికీ చువ్వల్లోంచి ఒంటికన్నుతో చూస్తున్నాడు. వాడి తల అంత ఎత్తుకే వస్తుంది.

"తలుపు దాకా వచ్చింది," అన్నాడు. "లోపలికి చూస్తోంది. ఆగింది."

స్కేలు పీట అంచు దాకా జరిగింది.

"తల లోపల ఉంది. తోక బయట ఉంది. తోక కూడా పోయింది."

"తర్వాత?"

"తర్వాత ఏం లేదు. రాలేదు. ఇంకా రాలేదు."

"అంటే ఏంట్రా?"

"అంటే కూచుంది, అక్కా!"

స్కేలుకి ప్రాణం లేచొచ్చింది. పీట మీద నుంచి లేచి నానమ్మ నడుం చుట్టేసి, ఆమె చీరలో ముఖం దాచుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు తగ్గాక నానమ్మ దారపు ఉండ ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఇదే గుడ్డు అనుకో. లోపల పిల్ల మెత్తగా ఉంటుంది. ఎప్పుడూ ఒకే పక్కన ఉంటే పెంకుకి అంటుకుపోతుంది. అందుకని పెట్ట ముక్కుతో ఇలా తిప్పుతుంది. చివర ఉన్నదాన్ని మధ్యలోకి లాక్కుంటుంది, మధ్యలోదాన్ని చివరికి తోస్తుంది. అన్నిటికీ వేడి తగలాలి కదా."

"రోజుకి ఎన్నిసార్లు?"

"నేనేం లెక్కపెట్టాను? రాత్రీ పగలూ అదే పని దానికి."

"నానమ్మా, నేను రోజూ అంకెలన్నీ పైకి తిప్పాను. పన్నెండు రోజులూ."

నానమ్మ ఆమె వైపు చూసింది. నానమ్మ భుజాలు కదిలాయి. తర్వాత కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

"నువ్వు రోజుకోసారి సర్దావు. అది నీ వెనకాలే వచ్చి రోజంతా చెడగొట్టుకుంది. పాపం, దానిచేత ఎంత చాకిరీ చేయించావే!"

పన్నెండు రోజుల భయం ఒక్కసారిగా దిగిపోయింది. కానీ ఇంకొక రోజు మిగిలి ఉంది.

"మరి అట్ట?"

నానమ్మ నవ్వు ఆగింది. "అట్టలో అది తిప్పలేదు తల్లీ. ఒక పగలూ, ఒక రాత్రీ. ఏమో. టార్చి వేసి చూస్తే కొంత తెలుస్తుంది. కానీ చూడాలంటే దాన్ని మళ్లీ లేపాలి. లేపమంటావా?"

స్కేలుకి ఇప్పటికిప్పుడు తెలుసుకోవాలని ఉంది. తెలియకపోతే ఈ రాత్రి నిద్ర పట్టదు. కిటికీలోంచి షెడ్డు వైపు చూసింది.

"వద్దు," అంది. "కూచోనీ."

కత్తెర సంగతి అమ్మ మర్చిపోలేదు. దాని గురించి ఆ సాయంత్రం పూర్తిగా అరగంట మాట్లాడింది. వారం రోజులు మిషను కింద పడిన పిన్నులన్నీ ఏరి డబ్బాలో వెయ్యాలని తీర్పు చెప్పింది. స్కేలు ఆ రాత్రే డబ్బా తీసుకుని మిషను కింద కూర్చుంది.

ఆ తర్వాత రోజులు మెల్లగా నడిచాయి. స్కేలు పొద్దున్నే గింజలు పోసేది, నీళ్లు మార్చేది, వచ్చేసేది. పెట్ట దిగినా గంపలోకి చెయ్యి పెట్టలేదు. హాజరు పుస్తకం తెరవలేదు.

"టీచర్, ఇవాళ క్లాసు లేదా?" అని అడిగాడు బుడ్డోడు.

"సెలవు."

"రేపు?"

"రేపు కూడా."

ఇరవై ఒకటో రోజు మంగళవారం. పిల్లలు రావలసిన రోజు. స్కేలు తెల్లవారకముందే లేచి షెడ్డు గోడకి చెవి ఆనించింది. ఏ చప్పుడూ లేదు. బడి నుంచి వచ్చి మళ్లీ విన్నది. అప్పుడూ లేదు.

"మధ్యలో చల్లబడ్డాయి కదా. ఒక రోజు అటూ ఇటూ అవుతుంది," అంది నానమ్మ.

రాత్రి అన్నాల దగ్గర కూడా అదే మాట మళ్లీ అంది. ఎవరూ అడగకుండానే అంది. తర్వాత చాలాసేపు వంటింటి గడప దగ్గరే, చుక్కల పెట్ట వచ్చి నిలబడే చోటనే, కూర్చుంది.

"నానమ్మా, పిల్లలు రాకపోతే?"

"రాకపోతే రావు. నువ్వు కావాలని చేశావా ఏమన్నా?"

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది స్కేలుకి.

బుధవారం బళ్లో ఆమె నిలబెట్టిన లైను వంకరగా వచ్చింది. టీచరు ఆశ్చర్యపోయి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఇంటికి వచ్చేటప్పుడు స్కేలు కాళ్లీడ్చుకుంటూ నడిచింది. వాకిట్లో సంచీ దించి, ఇంటి పక్క నుంచి పెరట్లోకి తిరిగింది.

బుడ్డోడు కింది మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మూతి మీద వేలు పెట్టుకుని ఉన్నాడు.

"ష్! అక్కా, విను."

స్కేలు ఆగిపోయింది.

కియ్.

చాలా చిన్నగా వినిపించింది.

కియ్. కియ్ కియ్.

స్కేలు తమ్ముడి పక్కన మెట్టు మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. బుడ్డోడు తన చొక్కా అంచుతో ఆమె ముఖం తుడిచాడు. ఆ చొక్కా అంత శుభ్రంగా ఏమీ లేదు. అయినా స్కేలు తుడవనిచ్చింది.

"లోపలికెళ్లి చూశావా?"

"లేదు. నువ్వు వచ్చాక చూద్దామని," అన్నాడు వాడు.

ఇద్దరూ తలుపు దగ్గర నిలబడి దూరం నుంచే చూశారు. ఎర్ర పెట్ట ఈకలు ఉబ్బించుకుని కూర్చుని ఉంది. దాని రెక్క కింద నుంచి చిన్న తల ఒకటి బయటికొచ్చింది. తర్వాత ఇంకొకటి వచ్చింది. మూడోది పెట్ట వీపు మీదకి ఎక్కబోయి దొర్లిపడింది.

"నానమ్మా!" అని అరవబోయి, స్కేలు తనే నోరు మూసుకుంది. మెట్లెక్కి లోపలికి వెళ్లి నానమ్మ చెవిలో చెప్పింది.

నానమ్మ ఆరు నెలల తర్వాత మొదటిసారి ఆ నాలుగు మెట్లూ దిగింది. ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి స్కేలు భుజానికి. ఒక్కో మెట్టుకీ ఆగుతూ దిగింది. వెనకాల అమ్మ, మెడలో టేపుతో.

సాయంత్రానికి పిల్లలు ఏడయ్యాయి. అందులో మూడింటి తల మీద తెల్ల చుక్క ఉంది.

"ఇదిగో," అంది నానమ్మ. "చిన్నప్పుడు దానికీ ఇలాగే ఉండేది. సరిగ్గా ఇక్కడే." ముక్కు ఎగబీల్చి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. స్కేలు ఆమె చెయ్యి వదల్లేదు.

గడ్డిలో పెంకు ముక్కలు పడి ఉన్నాయి. ఒకదాని మీద సగం ఎనిమిది ఉంది. ఇంకొక దాని మీద ఐదు తోక ఉంది. పెట్ట పొట్ట పక్కన ఒక్క గుడ్డు మాత్రం అలాగే ఉంది. ఇన్నాళ్లూ ఈకలకి రాసుకుని దాని మీద పెన్సిల్ గీత చెరిగిపోయింది. గుండ్రటి తల, ఒక తోక మిగిలాయి.

"అది ఆరా, తొమ్మిదా?" అన్నాడు బుడ్డోడు.

పెంకు ముక్కలన్నీ ఏరి జోడిస్తే తేలిపోతుంది. స్కేలు ఒక్క ముక్క కూడా ముట్టుకోలేదు.

"ఏదైతేనేంరా. రేపటిదాకా దాన్ని అలాగే ఉండనిద్దాం," అంది.

మర్నాడు పొద్దున్నకి అది కూడా ఖాళీ పెంకైపోయింది. గంపలో ఎనిమిది పిల్లలు.

గురువారం సాయంత్రం. ఎర్ర పెట్ట పిల్లలతో పెరట్లోకి వచ్చింది. అవి ఒక్క చోట ఉంటేనా! ఒకటి నీళ్ల గిన్నె దగ్గర, రెండు గోడ పక్కన, మిగతావి పెట్ట కాళ్ల మధ్య. అక్కా తమ్ముళ్లు మెట్ల మీద కూర్చుని చూస్తున్నారు.

"అక్కా, ఇవాళ హాజరు నేను తీసుకుంటా," అన్నాడు బుడ్డోడు.

స్కేలు లోపలికి వెళ్లి హాజరు పుస్తకం తెచ్చి ఇచ్చింది. వాడు దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఏటవాలుగా తిప్పి, దాని మీదకి ఒరిగాడు. ఎడమచేత్తో ఒకటి వేశాడు. రెండు వేశాడు. అంకెలు పెద్ద పెద్దగా, గుండ్రంగా, గీత దాటి పైకి ఎక్కుతూ పోతున్నాయి.

స్కేలు చెయ్యి తనంతట తనే పుస్తకం అంచు దాకా వెళ్లింది. అక్కడ ఆగింది.

వాడి పెన్సిల్ మొద్దుబారిపోయి ఉంది. ఆమె జేబులోంచి తన పెన్సిల్ తీసి, సన్నగా చెక్కి, వాడికి అందేలా ఎడమవైపు మెట్టు మీద పెట్టింది. వాడు తలెత్తకుండానే దాన్ని తీసుకుని రాసుకుంటూ పోయాడు.

"ఏడు?" అన్నాడు గట్టిగా.

పెరట్లోంచి కియ్ మని వినిపించింది.

"ఎనిమిది?"

ఎవరూ పలకలేదు. ఎనిమిదోది నీళ్ల గిన్నెలో ముక్కు ముంచి బిజీగా ఉంది.

"ప్రెజెంట్ టీచర్," అంది స్కేలు.